కౌంటర్‌పాయింట్ అంటే ఏమిటి, ఎక్కడ పుట్టింది? పెయింటింగ్‌లో అనేదీ అదేనా?

మీరు అడిగినవి చూస్తే నాలుగు ప్రశ్నలున్నాయి: కౌంటర్‌పాయింట్ అంటే ఏమిటి, ఎలా పుట్టింది, పెయింటింగ్ గురించి రాసేవాళ్ళు వాడే మాటా ఇదేనా, మన సంగీతంలో ఇది ఉందా. మొదటిది తేలితే మిగతావి సులువు. అందుకని దాని మీదే ఎక్కువసేపు ఉంటాను. నేను చాలాకాలంగా కీబోర్డు, వెస్టర్న్ థియరీ చెప్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ముందు కర్ణాటక సంగీతం కొంత నేర్చుకున్నవాళ్ళే. కాబట్టి సరిగమల్లోనే చెప్తాను. స్వరాలన్నీ శంకరాభరణంవి అనుకోండి, గమకాలు వద్దు.

కౌంటర్‌పాయింట్‌లో రెండో, మూడో, నాలుగో మెలొడీలు ఒకేసారి నడుస్తాయి. అందులో ఏ ఒక్కదాన్ని విడదీసి పాడినా అది పాటలా నిలబడాలి. అన్నీ కలిపి పాడినప్పుడు ఒకదానితో ఒకటి పొసగాలి. ఈ రెండు షరతులూ ఒకేసారి తీరాలి, చిక్కంతా అక్కడే. పైన పాట, కింద కార్డులు (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు) వాయించడం కౌంటర్‌పాయింట్ కాదు. ఎందుకంటే ఆ కార్డుల్లోంచి మధ్య స్వరాలు మాత్రం ఏరి పాడితే చాలాసార్లు ఒకే స్వరం మీద కూర్చుని ఉంటాయి, దాన్ని ఎవరూ పాట అనరు. సంబంధం లేని రెండు పాటల్ని పక్కపక్కన పెట్టి పాడటమూ కాదు. అక్కడ దేని దారి దానిదే, రెండోదాని బాధ్యత ఎవరికీ లేదు. జడ కోలాటం చూసే ఉంటారు. ఒక్కొక్కరూ తమ అడుగు తాము వేసుకుంటూ తమ దారిలో తాము పోతుంటారు, పైన తాళ్ళు మాత్రం జడగా అల్లుకుపోతాయి. ఒక్కరు అడుగు తప్పినా జడ చెడుతుంది. ఇదీ దాదాపు అలాంటిదే.

ఇక ఉదాహరణ. ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని పాడి చూడండి, లేదా హార్మోనియం మీద రెండు వేళ్ళతో వాయించండి. కింది గొంతు పాడేది ఇది:

స రి మ గ రి స

దాని మీద పై గొంతు, తారస్థాయి స నుంచి మొదలుపెట్టి:

స ని ధ స ని స

ఒక్కో స్వరానికి ఒక్కో స్వరం. మొదట్లోనూ చివర్లోనూ స మీద స. మధ్యలో రి మీద ని, మ మీద ధ, గ మీద పై స, మళ్ళీ రి మీద ని. ఏ జతా చెవికి గుచ్చుకోదు. ఇప్పుడు కదలిక గమనించండి. కింది గొంతు స నుంచి రికి ఎక్కుతుంటే పై గొంతు స నుంచి నికి దిగుతోంది. కిందిది రి నుంచి మకి ఎక్కితే పైది ని నుంచి ధకి దిగుతుంది. కిందిది మ నుంచి గకి దిగగానే పైది ధ నుంచి సకి ఎగురుతుంది. గ నుంచి రికి వచ్చే ఒక్కచోట మాత్రం ఇద్దరూ కలిసి ఒక మెట్టు దిగుతారు. ఆఖర్న కిందిది దిగి, పైది ఎక్కి, ఇద్దరూ షడ్జమాల మీద ఆగుతారు. ఆరంటే ఆరే స్వరాలు. అయినా వింటే ఇద్దరు మనుషులున్నట్టు తెలుస్తుంది.

ఇప్పుడు అదే కింది వరుస మీద పై గొంతును ఇలా పాడించండి:

ప ధ స ని ధ ప

ప్రతి జతలోనూ రెండు స్వరాల మధ్య ఉన్నది స–ప దూరమే. ఏదీ అపశ్రుతి కాదు, పైగా గంభీరంగా ఉంటుంది. అయినా కౌంటర్‌పాయింట్ క్లాసులో ఇది రాస్తే ఎర్ర సిరాతో కొట్టేస్తారు. "బాగానే ఉంది కదా సార్, తప్పెందుకు?" అని అడగని పిల్లవాణ్ణి నేను చూడలేదు. తప్పు శ్రావ్యతలో లేదు. రెండో మనిషి మాయమైపోయాడు. కిందివాడు ఎటు పోతే పైవాడూ అటే, అంతే దూరంలో పోతున్నాడు. దాంతో చెవి ఆ రెండింటినీ కలిపేసి, కాస్త లావెక్కిన ఒకే గొంతుగా వింటుంది. వరసగా రెండు పంచమాలు (స–ప దూరాలు), వరసగా రెండు అష్టమాలు (స–పై స దూరాలు) రాయకూడదన్న నిషేధానికి కారణం ఇదే. కారణం చెప్పకుండా రూలు బట్టీ పట్టించే పుస్తకాల వల్లే కౌంటర్‌పాయింట్ అంటే లెక్కల పరీక్ష అన్న టెన్షన్ పిల్లలకు పట్టుకుంటుంది.

ఇంకో మెట్టు. మొదటి ఉదాహరణలో చివరి మూడు జతలు చూడండి: గ మీద స, రి మీద ని, స మీద స. ఇందులో చిన్న మార్పు చేద్దాం. కింది గొంతు గ నుంచి రికి దిగేటప్పుడు పై గొంతు కదలకుండా స మీదే ఉండిపోవాలి. రికీ పై సకీ పొసగదు, అక్కడ ఒరుసుకుంటుంది. అర మాత్ర అలా పట్టుకుని అప్పుడు నికి దిగాలి. తర్వాత ఇద్దరూ సకి చేరాలి. ఆ ఒరుసుకోవడం, ఆ వెంటనే సర్దుకోవడం ఉన్నాయే, యూరప్ సంగీతంలో వందల ఏళ్ళపాటు వాక్యాలు ముగిసింది ఎక్కువగా ఈ పద్ధతిలోనే. దీన్ని సస్పెన్షన్ అంటారు. అపశ్రుతికి ఇక్కడ చోటు ఉంది. కాకపోతే అది ముందు పొసిగిన స్వరంగా వచ్చి, బరువైన చోట ఒరుసుకుని, ఒక మెట్టు కిందికి దిగాలి. ఆ క్రమశిక్షణే కౌంటర్‌పాయింట్‌కు ప్రాణం అని నా అభిప్రాయం. గొంతులు ఎప్పుడూ పొసుగుతూనే ఉంటే వినేవాడికి ఎదురుచూడటానికి ఏమీ మిగలదు.

పుట్టుక సంగతికి వస్తే, ఇందాక మనం తప్పని కొట్టేసిన పద్ధతితోనే కథ మొదలవుతుంది. పడమటి యూరప్ చర్చిల్లో ప్రార్థనా గీతాలు ఒకే వరుసలో, తోడు గొంతు లేకుండా పాడేవారు. 9వ శతాబ్దం చివర్లో వచ్చిన 'మ్యూజికా ఎంకిరియాడిస్' అనే లాటిన్ శాస్త్రగ్రంథం, ఆ గీతానికి నాలుగు స్వరాలో ఐదు స్వరాలో దూరంలో ఇంకో గొంతును సమాంతరంగా నడపడం ఎలాగో వివరించింది. దాన్ని ఆర్గానమ్ అన్నారు. అది ఇంకా కౌంటర్‌పాయింట్ కాదు. 1100 ప్రాంతానికి వచ్చేసరికి రెండో గొంతు ఎదురు దిశలో నడవడం అలవాటైంది. అసలు మలుపు అది. ఒకడు ఎక్కుతుంటే ఇంకొకడు దిగవచ్చని తెలిశాక వెనక్కి పోయేదేముంది.

ఈలోపు ఇంకో పని జరిగింది. 11వ శతాబ్దం మొదట్లో ఇటలీలోని అరెజ్జోకు చెందిన గ్విడో అనే సన్యాసి గీతల మీద స్వరాలు రాసే పద్ధతిని స్థిరపరిచాడు. కౌంటర్‌పాయింట్‌కు దీనికి మించిన కారణం ఇంకొకటి లేదంటాను. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఆశువుగా పాడుకోవచ్చు. నలుగురు నాలుగు వేరువేరు దారుల్లో నడిచి ఒకే క్షణానికి ఒకచోట కలవాలంటే మాత్రం అది రాసి ఉండాలి. ఏ స్వరం ఎంతసేపో కూడా రాసి ఉండాలి. ప్యారిస్‌లో నోత్ర్‌దామ్ చర్చి కట్టడం 1163లో మొదలైంది. ఆ చర్చి చుట్టూ పనిచేసిన లియొనిన్, పెరొటిన్ అనే ఇద్దరు స్వరకర్తల పేర్లు మనకు మిగిలాయి. 1200 ప్రాంతంలో పెరొటిన్ నాలుగు గొంతులకు రాశాడు. అందులో కింది గొంతు పాత ప్రార్థనా గీతంలోని ఒక్క అక్షరాన్ని పట్టుకుని చాలాసేపు అలా నిలబడుతుంది, మిగతా మూడూ దాని మీద గెంతుతూ పోతాయి. తాళం రాసే పద్ధతి ఒకటి కుదిరింది కూడా ఆ వాతావరణంలోనే. ఇంగ్లండ్‌లో 13వ శతాబ్దపు రాతప్రతిలో ఒక వేసవి పాట దొరికింది. నలుగురు ఒకే పాటను ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకుంటే, కింద ఇంకో ఇద్దరు చిన్న ముక్కను తిప్పితిప్పి పాడతారు. మొత్తం ఆరు గొంతులు. రాతప్రతి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

పేరు వచ్చింది 14వ శతాబ్దం మొదట్లో. అప్పట్లో స్వరాన్ని చుక్కగా రాసేవారు. చుక్కకు ఎదురుగా చుక్క పెట్టడం అన్న అర్థంలో లాటిన్‌లో 'పుంక్టుస్ కొంట్రా పుంక్టుమ్' అనేవారు, అందులోంచి ఈ మాట వచ్చింది. మన మొదటి ఉదాహరణలో చేసింది అక్షరాలా అదే.

1477లో టింక్టోరిస్ అనే సంగీత శాస్త్రజ్ఞుడు కౌంటర్‌పాయింట్ మీద పెద్ద గ్రంథం రాస్తూ, నలభై ఏళ్ళకు ముందు కట్టిన సంగీతంలో వినదగ్గదంటూ ఏదీ లేదని తేల్చేశాడు. "పాత పాటలే పాటలు" అనే మనకు ఇది వింతగా ఉంటుంది గానీ, ఆయనకు ఆ కళ కళ్ళముందే కొత్తగా తయారవుతోంది మరి. తర్వాతి శతాబ్దంలో రోమ్‌లో పాలెస్ట్రీనా అనే స్వరకర్త వచ్చాడు. చర్చి పెద్దలు బహుగళ సంగీతాన్ని, అంటే ఒకేసారి చాలా వరుసలు నడిచే సంగీతాన్ని, నిషేధించబోతే ఈయన ఒక్క మాస్‌తో (చర్చి ఆరాధనకు కట్టిన సంగీతం) వాళ్ళ మనసు మార్చాడని చెప్పుకుంటారు, అది కట్టుకథ. ఆయన రాసిన తీరు మాత్రం తర్వాతివాళ్ళకు ప్రమాణమైంది. గెంతితే వెంటనే వెనక్కి అడుగు వేయడం, అపశ్రుతిని ఎప్పుడూ సిద్ధం చేసుకునే వాడటం, ఇవన్నీ ఆయన దగ్గర ఊపిరి తీసుకున్నంత సహజంగా ఉంటాయి.

ఆయన పోయిన నూట ముప్పై ఏళ్ళకు, 1725లో, వియన్నాలో యోహాన్ యోసెఫ్ ఫుక్స్ ఆ తీరును పాఠ్యపుస్తకంగా మార్చాడు. పుస్తకం గురుశిష్యుల సంభాషణగా నడుస్తుంది. అందులో గురువు పాలెస్ట్రీనాయే, శిష్యుడు ఫుక్స్. పాఠం ఐదు మెట్లు. మొదట స్వరానికి స్వరం, తర్వాత ఒకదానికి రెండు, ఆ తర్వాత ఒకదానికి నాలుగు. నాలుగో మెట్టు సస్పెన్షన్, ఐదోది ఇవన్నీ కలిపి రాయడం. తర్వాతి తరాల పెద్ద స్వరకర్తల్లో హేడన్ ఎవరి సాయం లేకుండా ఈ పుస్తకంతోనే కుస్తీ పట్టాడు. మొత్సార్ట్ తన దగ్గరికి వచ్చిన ఇంగ్లిష్ శిష్యుడికి ఈ పద్ధతిలోనే చెప్పాడు. బెథోవెన్ వియన్నా వచ్చాక హేడన్ దగ్గరా, ఆ తర్వాత ఆల్‌బ్రెక్ట్స్‌బెర్గర్ దగ్గరా చేసినవి ఈ అభ్యాసాలే. ఇప్పటికీ చాలా సంగీత కాలేజీల్లో మొదటి ఏడాది పాఠం ఇదే. నేను మీకు మొదట చూపించింది ఫుక్స్ మొదటి మెట్టు, తర్వాత చూపించిన మార్పు నాలుగో మెట్టు.

ఇక జర్మన్ స్వరకర్త బాఖ్. ఎంత చెప్పినా తరగదు కాబట్టి ఒక్క చిన్న రచనే తీసుకుంటాను. పెద్దకొడుకుకు కీబోర్డు నేర్పడానికి రాసిన చిన్న చిన్న ముక్కలను 1723లో మళ్ళీ శుద్ధప్రతిగా రాసుకున్నాడు, ఇన్వెన్షన్లు అంటారు. రెండే గొంతులు, కుడిచేయి ఒకటి, ఎడమచేయి ఒకటి. మొదటిది సి మేజర్‌లో, అంటే సి స్వరం షడ్జమంగా, ఉంటుంది. కుడిచేయి స రి గ మ రి గ స అని ఎత్తుకుంటుంది. అది ప, పై స, ని, పై స అని సాగుతుండగా ఎడమచేయి ఒక స్థాయి కింద అదే స రి గ మ రి గ స అందుకుంటుంది. మూడో బార్‌కు (మన ఆవర్తం లాంటిది) వచ్చేసరికి ఆ ముక్కనే తలకిందులు చేస్తాడు: ధ ప మ గ ప మ ధ. ఎక్కిన చోటల్లా దిగుడు, దిగిన చోటల్లా ఎక్కుడు. ఆ రచన మొత్తం రెండు నిమిషాలు కూడా ఉండదు, కానీ దాదాపు అంతా ఈ ఏడు స్వరాల ముక్కను తిప్పి కట్టిందే. ఈ సంపుటి ముందుమాటలో బాఖ్ చెప్పుకున్న ఉద్దేశాల్లో ముఖ్యమైనది, పిల్లలకు పాడినట్టు వాయించడం అలవడాలన్నది. లెక్క ఎంత పక్కాగా ఉన్నా అది గొంతుతో పాడదగ్గ వరుస అయ్యుండాలి అన్నమాట. బాఖ్‌ను మిషన్‌లా వాయించేవాళ్ళు ఆ ముందుమాట చదివితే బాగుండు.

ఇందులోంచి పెరిగిన పెద్ద రూపం ఫ్యూగ్. ఒక గొంతు పల్లవిలాంటి ముక్క పాడుతుంది, రెండోది అదే ముక్కను ఐదు స్వరాల పైన ఎత్తుకుంటుంది, అప్పుడు మొదటిది దానికి తోడు వరుస పాడుతుంది, తర్వాత మూడోది వస్తుంది. 1747లో పోట్స్‌డామ్‌లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఒక వంకరటింకర ముక్క ఇచ్చి ఫ్యూగ్ కట్టమంటే బాఖ్ అక్కడికక్కడే మూడు గొంతులకు వాయించాడు. ఇంటికి వెళ్ళి అదే ముక్క మీద ఆరు గొంతుల ఫ్యూగ్ సహా ఒక సంపుటి అచ్చువేయించి పంపాడు. అందులో ఒక కానన్‌కు (గొంతులన్నీ ఒకే వరుసను పంచుకునే రచన) ఒకే వరుస రాసి ఉంటుంది. ఒకరు దాన్ని మొదటి నుంచి చివరికి, ఇంకొకరు అదే సమయంలో చివరి నుంచి మొదటికి వాయించాలి. 1750లో ఆయన పోయేనాటికి అసంపూర్తిగా మిగిలిన ఫ్యూగ్‌లో తన పేరులోని బి, ఎ, సి, హెచ్ అక్షరాలనే జర్మన్ స్వరాల పేర్లుగా వాడాడు. సి స్వరాన్ని షడ్జమం అనుకుంటే కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, పై షడ్జమం, కాకలి నిషాదం. రెండు నిషాదాలు ఒకే ముక్కలో! మన గురువులు చెవులు మూసుకుంటారు.

పెయింటింగ్ సంగతి త్వరగా చెప్తాను. ముందు ఒక తికమక తీరాలి. శిల్పకళలో కాంట్రపోస్టో అని ఇంకో మాట ఉంది. ఒక కాలి మీద బరువు మోపి నిలబడితే నడుము ఒకవైపు, భుజాలు ఎదురువైపు వాలతాయి. అది గ్రీకు శిల్పుల నాటిది, మన త్రిభంగకు చుట్టం లాంటిది. సంగీతంలోని కౌంటర్‌పాయింట్‌కూ దానికీ పేరులో పోలికే గానీ పుట్టుక వేరు. ఇంటర్‌నెట్‌లో రెండింటినీ కలిపేస్తుంటారు.

చిత్రకారులు సంగీతం నుంచి నిజంగా అరువు తెచ్చుకున్నది 20వ శతాబ్దం మొదట్లో. బొమ్మలో చెట్టూ పుట్టా ఉండక్కర్లేదు అనుకున్నాక, మరి దేని ఆధారంగా కట్టాలన్న ప్రశ్న వచ్చింది. దేన్నీ అనుకరించకుండానే నిర్మాణం ఉన్న కళ సంగీతం ఒకటి కళ్ళముందుంది. 1912లో ప్యారిస్‌లో కుప్కా అనే చెక్ చిత్రకారుడు రెండు రంగుల ఫ్యూగ్ అని పేరు పెట్టి ఎరుపు, నీలం వంపులు ఒకదాన్నొకటి చుట్టుకునే పెద్ద చిత్రం ప్రదర్శించాడు. రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ కూడా ఆ రోజుల్లోనే చిత్రకళకూ ఒక కౌంటర్‌పాయింట్ శాస్త్రం ఉండాలని వాదించాడు.

వీళ్ళందరిలో సంగీతం లోపలి నుంచి తెలిసినవాడు పాల్ క్లే. తండ్రి సంగీతం మాస్టారు, తను మంచి వయొలినిస్టు. బౌహౌస్ కళాశాలలో పాఠం చెప్తూ, బాఖ్ రాసిన కొన్ని బార్లను గ్రాఫులా గీసి, గొంతులు ఎక్కడ ఎక్కుతున్నాయో ఎక్కడ దిగుతున్నాయో విద్యార్థులకు చూపించాడు. 1921లో గీసిన 'ఎర్ర ఫ్యూగ్'లో నల్లటి నేపథ్యం మీద కొన్ని ఆకారాలు ముదురు ఎరుపు నుంచి లేత గులాబీకి మెట్టు మెట్టుగా తేలుతూ పక్కకి జరుగుతాయి. అదే ఆకారం ఇంకోచోట ఇంకో సైజులో మొదలవుతుంది. ఫ్యూగ్‌లో పల్లవి ఒక్కో గొంతులో వచ్చినట్టే. 1917లో డైరీలో క్లే, బహుగళం సంగీతం కంటే చిత్రంలోనే ఇంకా బాగా కుదురుతుందని రాసుకున్నాడు. చిత్రంలో కాలం స్థలంగా మారుతుంది కాబట్టి అన్ని గొంతులూ ఒక్క చూపులో దొరుకుతాయని ఆయన వాదం. నాకు ఇందులో సగమే ఒప్పుదల. అన్నీ ఒకేసారి కనిపిస్తాయి నిజమే, కానీ రి మీద స ఒరుసుకుని నికి దిగే ఆ క్షణం బొమ్మలో లేదు. కన్ను తన ఇష్టం వచ్చిన వరుసలో తిరుగుతుంది. చెవికి ఆ స్వేచ్ఛ లేదు, అందుకే ఎదురుచూపు పుడుతుంది. కాబట్టి బొమ్మల్లో ఈ మాట సగం నిజం, సగం పోలిక.

సినిమా ఈ విషయంలో పెయింటింగ్ కంటే సంగీతానికి దగ్గర, ఎందుకంటే అక్కడ కాలం నడుస్తుంది. టాకీలు వస్తున్న 1928లోనే సోవియట్ దర్శకులు ఐసెన్‌స్టీన్, పుడోవ్కిన్, అలెక్సాండ్రోవ్ కలిసి ఒక ప్రకటన చేశారు. తెర మీద కనిపించేదాన్నే శబ్దం మళ్ళీ చెప్పకూడదు, దృశ్యానికి కౌంటర్‌పాయింట్‌గా నడవాలి అన్నారు. మన సమాంతర పంచమాల నిషేధమే ఇది, ఇంకో వేషంలో.

మన సంగీతంలో ఉందా అంటే, కచ్చేరీ పద్ధతిలో లేదు. వయొలిన్ గాయకుణ్ణి అనుసరిస్తుంది, ఒక్కోసారి అరక్షణం వెనకగా, ఒక్కోసారి కొంచెం మార్చి. కానీ అది అదే వరుస, రెండో వరుస కాదు. జుగల్‌బందీలో ఇద్దరున్నా సాధారణంగా ఒకరి తర్వాత ఒకరు. మృదంగం తన లెక్కతో ఎదురు నడిచినప్పుడు లయలో కౌంటర్‌పాయింట్ లాంటిది వినిపిస్తుంది, దాన్ని నేను కాదనను. లోపం వల్ల ఇలా ఉందని మాత్రం అనుకోకండి. తోడిలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతుంది, ఆ ఊపే రాగం. దాని మీద ఇంకో స్వరాన్ని కొలిచి నిలబెట్టాలంటే ముందు ఆ ఊపు ఆపాలి, ఆపితే తోడి పోతుంది. ఒక్క వరుసలోనే ఇంత పని పెట్టుకున్న సంగీతం రెండో వరుస కోసం వెతుక్కోలేదు. అలాగని దేశంలోనే లేదనకండి. నాగాలాండ్‌లో ఫేక్ జిల్లా రైతులు వరి పొలాల్లో పని చేస్తూ పాడే పాటల్లో వేరువేరు గొంతులు వేరువేరు దారుల్లో పోతాయి. బయట జార్జియా దేశంలో, మధ్య ఆఫ్రికాలో ఆకా జనం దగ్గర రాత లేకుండానే గొప్ప బహుగళ గానం ఉంది. యూరప్ ప్రత్యేకత దాన్ని కాగితం మీద పెట్టి, రూళ్ళు రాసి, స్కూల్లో నేర్పడం.

దక్షిణాదిలో రెండు లోకాలూ కలిసిన చోటు కావాలంటే ఇళయరాజా 1986 ఆల్బం 'హౌ టు నేమ్ ఇట్' వినండి. త్యాగరాజుకూ బాఖ్‌కూ కలిపి అంకితం ఇచ్చాడు. అందులో ఒక ముక్క బాఖ్ వయొలిన్‌కు 'ఇ మేజర్'లో రాసిన పార్టీటా అనే రచనలోని మొదటి భాగం (ప్రిల్యూడ్) మీద కట్టింది. ఆయన సినిమా పాటల్లో అయితే గాయకుణ్ణి వదిలేసి బాస్ గిటార్‌ను మాత్రం పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వినండి. చాలా పాటల్లో బాస్ తనకంటూ ఒక మెలొడీ పాడుతుంటుంది, కూని రాగం తీయొచ్చు. ఇందాక చెప్పిన పరీక్ష అదే కదా, విడదీసి పాడితే నిలబడుతుందా లేదా అన్నది.

బాఖ్‌తో మొదలుపెట్టాలనుకుంటే ఆరు గొంతుల ఫ్యూగ్ జోలికి ఇప్పుడే పోకండి, చెవి తికమకపడి విసుగొస్తుంది. ఆ మొదటి ఇన్వెన్షన్ పెట్టుకోండి. ఒకసారి కుడిచేయి, ఒకసారి ఎడమచేయి మాత్రం వినడానికి ప్రయత్నించండి. ఎడమచేయిని వదలకుండా చివరిదాకా వెంబడించగలిగాక మూడు గొంతుల సిన్ఫోనియాలకు వెళ్ళండి, అవీ ఆ సంపుటిలోనే ఉన్నాయి. అక్కడ కష్టమంతా మధ్య గొంతుతోనే.